నడిసముద్రమున వడ్డన

విహారనౌకలలో తిరిగివచ్చినవారు ఇరువురు ఒకచోట కలిసినచో, చూచివచ్చిన రేవుల ముచ్చట ముగియకమునుపే భోజనశాలను గూర్చిన తగవు మొదలగుట నేను పలుమారులు గమనించితిని. "సెలవుకని బయలుదేరిన మనిషికి ఎడమపక్క మూడు ఫోర్కులు, కుడిపక్క మూడు కత్తులు, ఎదురుగా ఇంకో రెండు చెంచాలు పేర్చి, ఏది ముందు తీస్తాడో చూద్దామన్నట్టు నిలబడడం ఏం మర్యాదండీ?" అని ఒకరందురు. "పళ్లెం పట్టుకుని వరసలో నిలబడడానికి లక్షలు పోసి ఓడెక్కాలా? మన ఊళ్లో ఏ ఫంక్షను హాలుకి వెళ్లినా ఆ యోగం పట్టనే పడుతుందిగా" అని రెండవవారందురు. ఇరువురి మాటలోను నిజమున్నది. ఐనను ఇరువురును ఫోర్కుల లెక్క దగ్గరనే ఆగిపోవుచున్నారనియు, బల్లమీద పరచిన ఆ సరంజామా వెనుకనున్న విషయము వారి వాదములో చిక్కుట లేదనియు నాకు తోచును.

నేటి నౌకలలో భోజనమునకు స్థూలముగా రెండు తావులు. పై అంతస్తున, ఈతకొలనునకు దాపున, తెల్లవారినది మొదలు బాగుగా ప్రొద్దుపోవువరకు తెరచియుండు బఫే ఒకటి. క్రింది అంతస్తున దీపకాంతులతో వెలుగు పెద్ద భోజనశాల మరియొకటి. ఈ రెండవదానిలో సాయంకాలము ఆరుగంటల ప్రాంతమున మొదటి బంతియు, ఎనిమిదిన్నర ప్రాంతమున రెండవ బంతియు కూర్చుండుట పూర్వాచారము. ఎవరి బల్ల వారికి ముందే నిర్ణయింపబడి యుండును. ప్రయాణము ముగియువరకు వడ్డించువాడును సామాన్యముగా ఒక్కడే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటేనని మనవారన్న సామెత ఈ నౌకలలో అక్షరాల నిజమగుట నేను చూచితిని.

ఇక ఆ బల్లమీది అమరిక సంగతి. ఫోర్కులు ఎడమకు, కత్తులు పదును లోపలికి తిరుగునట్లు కుడికి, వానిప్రక్కనే సూపు చెంచా, ఎడమప్రక్క రొట్టెకు చిన్నపళ్లెము, కత్తిమొనకు పైగా నీళ్లగ్లాసు, తీపిపదార్థము కొరకు పళ్లెమునకు తలవైపున అడ్డముగా ఒక చెంచా, ఒక ఫోర్కు, నడుమ మడతపెట్టిన నాప్కిను. వంటకము వచ్చినకొలది వెలుపలినుండి లోపలికి ఒక్కొక్క జత ఖర్చగుచు వచ్చును. ఇంతకుమించి ఇందులో రహస్యమేమియు లేదు. ఇది అనాదిసిద్ధమైన నాగరికతాలక్షణమని భ్రమించువారు రెండు సంగతులు జ్ఞప్తియందుంచుకొనవలెను. 1611లో టామస్ కోరియట్ అను ఆంగ్ల యాత్రికుడు, ఇటలీలో జనులు మాంసమును ఫోర్కుతో అదిమిపట్టి కోసికొనుటను వింతగా వర్ణించి, ఆ అలవాటును తాను స్వదేశమునకు కొనిపోగా మిత్రులు గేలిచేసిరని వ్రాసికొన్నాడు. కావున నేడు ఫోర్కు పట్టుట రానివానిని చూచి పెదవి విరుచు సమాజము, నాలుగువందల యేండ్లనాడు పట్టినవానిని చూచి నవ్వినదన్నమాట. రెండవది, పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి ప్రభువుల విందులలో ఒక్కొక్క విడతకు వచ్చు వంటకములన్నియు ఒకేసారి బల్లమీదికి చేరుచుండగా అతిథులు అందినవి తీసికొనెడివారు. ఒకదాని తరువాత ఒకటిగా ప్రతివానికిని వేరుగా వడ్డించు రష్యను పద్ధతి పందొమ్మిదవ శతాబ్దమున పశ్చిమ ఐరోపాకు ప్రాకిన పిమ్మటనే ఒక్కొక్కరి యెదుటను ఈ లోహపు బారులు స్థిరపడినవి. ఆ లెక్కన చూచినచో బఫేయే పాత మర్యాద, ఫోర్కుల బారు క్రొత్త పోకడ. పూర్వాచారము పేరిట బఫేను ఈసడించు పెద్దలకు ఈ మాట చెప్పినప్పుడు వారి ముఖములలో కలుగు మార్పు చూడదగినది.

నౌకలలో ఈ అమరిక భూమిమీదివలె సులభముగా కుదురుకొన్నది కాదు. 1842 జనవరిలో చార్లెస్ డికెన్సు లివర్‌పూలు నుండి అమెరికాకు 'బ్రిటానియా' అను కూనార్డు నౌకలో వెళ్లినప్పుడు, ఆ ఇరుకైన భోజనశాలలో పొడవాటి బల్లపైన, తక్కువ ఎత్తున నున్న కప్పునకు బిగించిన చట్రములో గ్రుచ్చియున్న గ్లాసులును మసాలా సీసాలును చూచి, రాబోవు తుఫానులను తలచుకొని దిగులుపడినట్లు వ్రాసెను. బల్ల సింగారము బల్లమీద నిలువజాలక కప్పునుండి వ్రేలాడిన కాలమది. తరువాతి నౌకలలో కుర్చీలను నేలకు మరలతో బిగించిరి. సముద్రము పొంగినప్పుడు పళ్లెములు జారిపోకుండ బల్ల అంచులకు కొయ్యకట్టలు లేపుటయు, గుడ్డను నీటితో తడిపి పరచుటయు వాడుకలోనికి వచ్చెను. తడిగుడ్డ పింగాణిని పట్టి నిలుపునను చిన్న యెరుక మీద ఒక మహాసముద్రపు మర్యాద అంతయు ఆధారపడియుండుట నాకు మిక్కిలి యిష్టమైన సంగతి.

తరువాత వచ్చిన వైభవమును గూర్చి విననివారుండరు. 1912లో మునిగిన 'టైటానిక్' మొదటి తరగతి భోజనశాల 114 అడుగుల పొడవున, ఐదువందలమందికి పైగా ఒక్కసారి కూర్చుండుటకు వీలుగా నుండెను. 1935లో ఫ్రెంచివారు నడపిన 'నార్మండీ'లో భోజనశాల 305 అడుగులు. వర్సాయి ప్రాసాదములోని దర్పణమందిరముకంటెను పొడవైనది. దానికి కిటికీలు లేవు. లలీక్ గాజుదీపస్తంభముల వెలుగులో కూర్చుండి భుజించు ఏడువందలమందికి తాము అట్లాంటికు సముద్రము నడుమ నున్నామను స్మరణయే కలుగకుండ చేయుట దాని ఉద్దేశము. మరుసటి యేడు బయలుదేరిన ఆంగ్లేయుల 'క్వీన్ మేరీ'లో ఇందుకు విరుద్ధముగా, భోజనశాల గోడమీద అట్లాంటికు పటమును పెద్దదిగా చిత్రించి, దానిపై స్ఫటికపు నౌక యొకటి నిజమైన నౌకతోపాటు కదలుచు, మనమిప్పుడు ఇక్కడ నున్నామని చూపునట్లు అమర్చిరి. ఒకరు సముద్రమును మరపించిరి, ఒకరు జ్ఞప్తికి తెచ్చిరి. ఎంపిక నాకు విడిచినచో, సూపు త్రాగుచు తలయెత్తి, నిన్నటికి నేటికి ఆ స్ఫటికపు నౌక ఎంత జరిగినదో చూచుకొనగల శాలలోనే నేను కూర్చుందును. 'నార్మండీ' 1942లో న్యూయార్కు రేవున కాలిపోయినది. 'క్వీన్ మేరీ' నేటికిని కాలిఫోర్నియాలోని లాంగ్ బీచిలో కట్టివేయబడి యున్నది.

1958లో జెట్ విమానములు అట్లాంటికును దాటనారంభించిన పిమ్మట, ఐదుదినముల ప్రయాణము కొన్ని గంటలలోనికి కుదించుకొనిపోయి, పని గల మనుష్యులు నౌకలను విడిచిరి. మిగిలినది విహారము. అంతవరకు ప్రొద్దుపుచ్చుటకు సాధనముగా నున్న భోజనవైభవము, అప్పటినుండి తానే అమ్మకపు సరుకైనది. ఫోర్కుల బారునుగూర్చిన నేటి తగవు నిజమునకు ఇచట మొదలైనది; రేవు చేరవలసిన అవసరమే లేనివానికి బల్ల యెట్లు పరచవలెనను ప్రశ్న పూర్వులకు కలుగలేదు.

ఐతే ఈ వైభవముయొక్క ద్వారము అందరికిని తెరచి యుండెనా? 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో 'క్లైడు' అను స్టీమరెక్కిన పదునెనిమిదేండ్ల గుజరాతీ యువకుడు, కత్తియు ఫోర్కును పట్టుట తెలియక, వంటకములలో మాంసము లేనివి ఏవని అడుగుటకు ధైర్యము చాలక, భోజనపుబల్ల దరికి పోవుటయే మాని, ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలను పండ్లను తన క్యాబినులోనే తినుచు లండను దారిపట్టెను. తరువాతి కాలమున గాంధీమహాత్ముడు ఈ సంగతిని తన ఆత్మకథలో దాచక వ్రాసికొన్నాడు. వైస్రాయిల యెదుట కొల్లాయిగుడ్డతో కూర్చుండుటకు జంకని మనిషిని ఒక బల్లమీది చెంచాలు గదిలో బంధించినవనుట వినుటకు వింతగా నుండును. కాని పదునెనిమిదేండ్ల ప్రాయమున పరాయివారి పంక్తిలో కూర్చుండబోవువానికి చెంచాలు చెంచాలు కావు. వాని కండ్లకు ప్రతి యొక్కటియు ఒక సాక్షి.

ఇంకను వెనుకకు పోయినచో, ఓడ యెక్కిన తెలుగువారిలో ఎందరికి బల్లయే లేదో తలంపునకు వచ్చును. 1860లో మద్రాసు రేవునుండి 'ట్రూరో' అను ఓడ 342 మంది కూలీలను ఎక్కించుకొని, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. చెరకు తోటలలో పనిచేయుటకు ఒప్పందము మీద పోయిన ఆ మొదటి ఓడలో తెలుగువారు పలువురుండిరి. వారి ప్రయాణమున ఎవరును ఎవరికొరకును నాప్కిను మడవలేదు. విహారనౌకలో అమరికను గూర్చి వ్రాయుచు వీరిని తలచుట అప్రస్తుతమని కొందరికి తోపవచ్చును గాని, ఒక మనిషి కూర్చుండు చోటును మరియొక మనిషి ముందుగా సిద్ధపరచుట ఎంత విలువగలదో, ఆ భాగ్యము లేనివారిని తలచుకొన్నప్పుడుగాని తెలియదు.

నేను చెప్పదలచిన విషయము ఇదియే. బల్లమీద పరచిన సరంజామాలో విలువ వెండికిని లేదు, సంఖ్యకును లేదు. 'నీవు వత్తువని మాకు తెలియును, నీ చోటు నీకై ఉంచితిమి' అని అది పలుకుటలో నున్నది. మన యిండ్లలో పీట వాల్చి ఆకు వేయుటకును ఇంతకన్న వేరు అర్థము లేదు. ఆకు కొన తినువాని ఎడమకు రావలెననియు, ఉప్పు ఫలానిచోట, పచ్చడి ఫలానిచోట, పప్పునకు ముందుగా నేయి, కడపట పెరుగు అనియు మనకును శాసనములు కలవు. ఫోర్కు ఎడమకు ఏలయని నవ్వు తెలుగువాడు ఆకు కొన కుడికి తిరిగినచో సహింపడు. ఐనను ఖాళీగా పరచిన ఆకు ముందు కూర్చుండినప్పుడు మనసున కలుగు నెమ్మది ఆ శాసనములవలన కలిగినది కాదు. వడ్డన ఇంకను మొదలుకాలేదు, అన్నము రాలేదు, ఐనను మన చోటు మనది. అడుగున నిలువని నీరు, కిటికీకి ఆవల గుర్తుపట్టదగిన చెట్టొకటైనను లేని శూన్యము గల నౌకలో ఈ నెమ్మది మరియొక పాలు ఎక్కువగా కావలసివచ్చును.

మా అమ్మాయి ఇంగ్లండులో నుండుటచేత ఒక వేసవిలో సౌతాంప్టను నుండి నార్వే తీరమునకు పోవు నౌకలో నాకు చోటు దొరికినది. మా బల్లకు కాకినాడనుండి వచ్చిన దంపతులు కలిసిరి. మొదటి సాయంకాలము ఆ యిల్లాలు తన యెదుట బారులుతీరిన లోహమును చూచి, "ఏమండీ, ఇన్ని చాకులు నాకెందుకు? కూరగాయలు మనమే తరుక్కోవాలా?" అని భర్తను అడిగెను. ఆయన గొంతు తగ్గించి, "నువ్వూరుకోవే, చూస్తున్నారు" అనెను. ఇంతలో గోవానుండి వచ్చిన మా వెయిటరు, ముప్పదియేండ్ల యువకుడు, ఎవరెవరికి ఏమి కావలెనో వ్రాసికొని లోనికిపోయి, చేతిలో గుడ్డపరచిన పళ్లెముతో మరలివచ్చి, మా యెదుటి అమరికను సవరింపసాగెను. చేప అడిగినవారికి మామూలు కత్తి తీసి చేపకత్తి ఉంచెను. సూపు వలదన్నవారి సూపు చెంచా తీసివేసెను. శాకాహారినైన నా యెదుట రెండు వస్తువులే మిగిలినవి. కొనలను ముట్టక, పిడులను మాత్రమే రెండు వ్రేళ్లతో పట్టి తీయుచు, క్రొత్తది ఉంచినప్పుడు బల్ల అంచునకును పిడికిని నడుమ బొటనవ్రేలి కణుపంత ఎడము విడుచుచు, మా మాటలకు అడ్డురాకుండ ఇదంతయు నిమిషములో ముగించెను. బయటివారికి పరీక్షవలె కనబడు ఈ బారు నిజమునకు ముసాయిదా మాత్రమేననియు, తినువాని కోరిక విన్న పిమ్మట దానిని దిద్దుట అమరికలోని అసలు పనియనియు అప్పుడు తెలిసినది.

ఆ యిల్లాలికి భోజనశాల పెద్ద ముందునాడే చెప్పించి భారతీయ శాకాహారము వండించినాడు. అన్నము, పప్పు, ఏదో కూర. ఆమె ఒక నిమిషము చెంచాతో తంటాలుపడి, "అన్నం చేత్తో కలుపుకోకపోతే తిన్నట్టుంటుందా?" అని చెంచా ప్రక్కనబెట్టి, చేయి కడుగుకొనివచ్చి హాయిగా కలుపుకొని తినెను. భర్త చుట్టును చూచెను, చూచుచున్నవారెవరును లేరు. మరునాటి సాయంకాలము మేము పోవుసరికి ఆమె చోట ఫోర్కులు లేవు, కత్తులు లేవు. ఒక చెంచా, మడతపెట్టిన నాప్కిను, నిమ్మచెక్క వేసిన గోరువెచ్చని నీళ్లగిన్నె. ఆమె అడుగలేదు, అతడు చెప్పలేదు. ఆ భోజనశాల మొత్తములో శాస్త్రోక్తమైన అమరిక ఆ రాత్రి అదియొక్కటియేనని నా యభిప్రాయము.

బఫేను నేను నిందింపను. పసిపిల్లలు గల తల్లికి, రేవులో దినమంతయు తిరిగి కాళ్లు లాగుచున్నవానికి, రెండిడ్లీల పాటి ఆకలి గలవానికి అది వరము. నార్వీజియన్ క్రూయిజ్ లైన్‌వారు 2000 ప్రాంతమున 'ఫ్రీస్టైల్' అను పేర, ఇష్టమైన వేళ ఇష్టమైన చోట తినవచ్చునని ప్రకటించి, బంతుల నియమమును సడలించినప్పుడు జనులు ఆదరించుటకు కారణము లేకపోలేదు. ఐతే అచట ఎవరికి వారే యమునాతీరే. పళ్లెము గుట్టలోనిది, చోటు వెదకికొన్నది, లేచిన మరుక్షణమున మరియొకరిది. వందలాది చేతులు మారిన గరిటెలనుండి వాంతుల జబ్బు వ్యాపించునను భయమున, నౌకలో అట్టి జబ్బు తల యెత్తగానే ప్రయాణికుల చేతినుండి గరిటె తీసికొని పనివారే వడ్డింతురు. అనగా ఆపద వచ్చినప్పుడు బఫేయు వడ్డనకే శరణు చొచ్చునన్నమాట.

ఈ అమరిక భారమంతయు మోయువారిని మరచి దీని సొగసును పొగడుట తగదు. ఆరు మొదలు తొమ్మిది మాసముల ఒప్పందముతో ఇల్లు విడిచివచ్చిన మనుష్యులు, మొదటి బంతి లేచినది మొదలు రెండవ బంతి కూర్చుండులోపల గంటకు మించని వ్యవధిలో వందలాది చోట్లను తుడిచి, మార్చి, మరల పరతురు. ప్రయాణికుని కండ్లకు నెమ్మదిగా కనబడునది వారి మణికట్టులకు పరుగు. పై బఫేలో పని తేలికయా యని మా వెయిటరును అడిగితిని. "అక్కడ ఎంగిలి పళ్లేలు తీయడమే పని సార్, మొహాలు గుర్తుండవు. ఇక్కడ ఎవరు ఏం తినరో కూడా గుర్తుంటుంది" అని హిందీలో చెప్పినాడు. ప్రయాణాంతమున ముట్టవలసిన టిప్పును దృష్టియందుంచుకొని చెప్పినాడని శంకించువారు శంకింపవచ్చును. ఆ యిల్లాలి నిమ్మనీళ్లగిన్నెను చూచిన నేను శంకింపలేదు.

ఒక రాత్రి ఉత్తరసముద్రము రేగినది. నేటి నౌకలకు ప్రక్కలయందు రెక్కలవంటి స్టెబిలైజర్లుండుటచేత ఊపు కొంత తగ్గునుగాని, కడుపులో త్రిప్పుట తగ్గదు. భోజనశాలలో సగము కుర్చీలు ఖాళీ. గ్లాసులు ఒకదానినొకటి తాకి గలగలలాడుచుండెను. ఐనను ప్రతి చోటును, రారని తెలిసినవారి చోటు సహితము, యథావిధిగా పరచియే యుండెను. ఇది దండుగ శ్రమ కాదా యని నేను లోలోపల తర్కించుకొనుచుండగా, మా కాకినాడ ఆసామి వెలవెలబోయిన ముఖముతో, గోడ పట్టుకొని నడచుచు, సూపు వేళ దాటినపిమ్మట వచ్చి తన కుర్చీలో కూలబడెను. వెయిటరు ఏమియు అడుగక ఉప్పుబిస్కత్తులు కొన్ని, అల్లపు టీ ఒకటి తెచ్చి అతని యెదుట నుంచెను.

ఇక దుస్తుల నియమమును, బల్ల అమరికను ఒక్కటిగా కట్టి వాదించువారు కలరు. రెంటికిని సంబంధము లేదని నా నమ్మకము. కొన్ని నౌకలలో కొన్ని రాత్రులు నల్లకోటు, బో-టై వలయునందురు. ఆ నియమము వచ్చువానిమీద విధించినది. అమరిక వచ్చువానికై చేసినది. మొదటిదానిని సముద్రములో పారవేసినను నాకు విచారము లేదు, రెండవదానిలో చేపకత్తిని సయితము విడువవచ్చును, గుడ్డను, నాప్కినును, ఎవరి చోటు వారికుండుటను మాత్రము విడువరాదు. నియమమును విధించినవారికే దానియందు గట్టి పట్టుదల లేదనుటకు చివరి రాత్రియే నిదర్శనము. మరునాటి ఉదయము దిగవలసియున్నందున పెట్టెలన్నియు సర్ది రాత్రికే వరండాలో ఉంచవలెను. కోట్లు పెట్టెలలోనికి పోవును. కావున ఆ రాత్రి కోటు అక్కరలేదని పూర్వకాలపు మహానౌకలనాటి నుండియు ఆచారము. మా నౌకలోను ఆ రాత్రి అందరును ప్రయాణపు బట్టలతో, కొందరు రబ్బరుచెప్పులతో భోజనశాలకు దిగివచ్చిరి. గుడ్డ తెల్లగానే యున్నది, నాప్కినులు మడతపెట్టియే యున్నవి, ఇల్లాలి గిన్నెలో నిమ్మచెక్క తేలుచునే యున్నది. నేను కూర్చుండకమునుపే నా చేపకత్తిని ఎవరో తీసివేసి యుండిరి.